అత్తకు ఎక్కిన నిత్యకల్యాణి

మా అత్త లెక్కలో పూలు మూడే రకాలు: దేవుడికి పోయేవి, జడకు పోయేవి, పాడెకు పోయేవి. ధర్మపురి బస్టాండు బయట బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నన్నాళ్ళూ ఆమె ఈ మూడింటినీ ఒకదానికొకటి తగలనివ్వలేదు. చామంతి దేవుడికీ పోతుంది, పాడెకూ పోతుంది కదా అని చిన్నప్పుడు నేను అతితెలివి చూపిస్తే, "పోతాది. ఏ బుట్టలోంచి పోతాదనేది ఉండాది గదా" అని నా నోరు మూయించింది. ఈ మూడింట్లో దేనికీ చెందని పువ్వొకటి ఆమె ఒంట్లోకే ఎక్కుతుందని అప్పట్లో ఎవరికి తెలుసు?

ఆమె మా నాన్న చెల్లెలు. మేనత్త కొడుకును చేసుకోవడం మావాళ్ళలో మామూలే కాబట్టి నా పెళ్ళయ్యాక కూడా ఆమె నాకు అత్తే. పిలుపు మారలేదు, పోట్లాట మాత్రం రెట్టింపయింది. మేనకోడలిగా కొంత, కోడలిగా కొంత. తరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగు ఇల్లు మాది. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే, అదీ కుప్పం దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకోవడం వల్ల. ఈ విద్య వల్ల ఇంట్లో ఎవరికీ ఇంతవరకు లాభం కలగలేదు. ఒకసారి నష్టం మాత్రం కలిగింది, దాని సంగతి వస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు అత్త జడలోంచి మల్లెపూలు లాగేసింది మొరప్పూరులో ఉండే ఆమె తోడికోడలు. అప్పటినుంచి అత్త తలలో పువ్వు లేదు. మార్కెట్టు నుంచి మల్లెలూ కనకాంబరాలూ తెచ్చి, అరటినారతో పొద్దంతా కట్టి, ఊళ్ళో ఆడవాళ్ళ జడలన్నీ నింపి, సాయంత్రం బోసి తలతో ఇంటికొచ్చేది. నాకు కోపం వచ్చేది. ఆమెకు వచ్చేదో లేదో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "మిఠాయి అంగడోడు మిఠాయి తింటాడా?" అని కొట్టిపారేసేది.

మొదటిసారి రొమ్ములో గడ్డ బయటపడినప్పుడు ఆపరేషన్ చేసి ఒక పక్క తీసేశారు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఒక పక్క ఖాళీ అయ్యేసరికి అత్త జాకెట్టు జారిపోతూ ఉంటే, లోపల జేబు కుట్టి గుడ్డ తిత్తి ఒకటి పెట్టాను. దూది నింపితే బరువు చాలక పైకి ఎక్కేసింది. అందుకని రాగులు పోశాను. అది బాగా కుదిరింది. ఒకనాడు ఆమె బుట్టతో సహా వానలో తడిసి వచ్చి, జాకెట్టు విప్పి మూలన పడేసి, జ్వరమని పడుకుంది. జ్వరం తగ్గాక ఉతకడానికి తీస్తే తిత్తి నిండా తెల్లటి మొలకలు. ఏడవాలో నవ్వాలో తెలియక నేను నిలబడిపోతే, ఆమె మంచం మీంచే చూసి, "ఏమ్మే, నా రొమ్ములో పైరొచ్చిందే! ఇంకొక వాన పడనీ, కోత కూడా కోస్తాం" అని దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాతినుంచి నేను రాగులు వేయించి పోశాను.

అంత నవ్వగలిగిన మనిషి ఒక్క జుట్టు దగ్గర మాత్రం నవ్వలేకపోయింది. ఆపరేషన్ తర్వాత ఎక్కించిన మందుకు జుట్టంతా దువ్వెనలోకి వచ్చేసింది. "జడ లేనిదాని దగ్గర జడపూలు ఎవురు కొంటారు?" అని తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చునేది. నిజానికి బేరాలేమీ తగ్గలేదు. అయినా ఆ మందు మీద ఆమె పగ పట్టింది. జుట్టు మళ్ళీ మొలిచి, పొట్టిగా, రింగులు రింగులుగా చెవుల దాకా వచ్చినా పగ తీరలేదు. పక్కింట్లో ఎవరికైనా తలనొప్పికి మాత్ర ఇస్తే కూడా, "ఇంగ్లీషు మందు గదా, వెంట్రుకలు చూసుకో" అని హెచ్చరించేది.

కొన్నేళ్ళకు జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎముకల్లోకి పాకిందన్నారు. సేలంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ వయసులో చిన్నదే. పూర్తిగా నయం చేస్తామని ఆమె అనలేదు. వారం వారం మందు ఎక్కించి అణిచి పెట్టడానికి చూస్తామంది, మధ్యలో మానేస్తే మాత్రం అది ఆగదంది. ఎన్ని వారాలో నేను అడగబోయాను. అత్త మాత్రం కొంగు సర్దుకుని లేచింది. ఆసుపత్రిలో మాటలన్నీ తమిళంలోనే జరిగాయి కానీ, ఆమె మాటలు నాకు మా ఇంటి తెలుగులోనే చెప్పడం వస్తుంది.

"ఇంగ్లీషు మందు నాకు వద్దు తల్లీ. చెట్టు మందుంటే ఇయ్యి, లేదంటే నేను పోతా. అంగట్లో పూలు వాడిపోతాండాయి."

డాక్టరమ్మ నవ్వింది. "కూర్చోండమ్మా. ఇదీ చెట్టు మందే. పోయినసారి మీకు ఎక్కించిన వాటిలో కూడా ఒకటి చెట్టు బెరడులోంచి వచ్చిందే."

అత్త ఆగింది. "ఏ చెట్టు?"

"చలి కొండల్లో పెరుగుతుంది."

"మన వత్తల్‌మలై కొండ పైనా?"

"కాదమ్మా, ఇంకా బాగా చలి ఉండే చోట్ల. మన వైపు ఉండదు."

"అట్ల చెప్పు!" అని అత్త నా వైపు తిరిగింది. "ఊరు కాని ఊరి చెట్టు. మన ఒళ్ళు దానికేం తెలుస్తాది? అందుకే వెంట్రుకలు పీకింది."

"ఇప్పుడిచ్చేది మన నేల మీద పెరిగే మొక్కే" అంది డాక్టరమ్మ. "నిత్యకల్యాణి. దాని ఆకులో ఉండే సత్తును తీసి, కొంచెం మార్చి ఈ మందు చేస్తారు. బోలెడు ఆకుకు కాస్తంతే వస్తుంది. దీనికి జుట్టు అంతగా ఊడదు. అలాగని మొక్క కనబడితే ఆకు నమిలేరు. పచ్చిది ఒంటికి విషం. మందుగా, కొలత ప్రకారమే లోపలికి పోవాలి."

ఈ చివరి మాటలు అత్త చెవిలో పడ్డాయో లేదో చెప్పలేను. ఆమె అప్పటికే పేరు దగ్గర ఆగిపోయింది. "నిత్యకల్యాణి" అని మెల్లగా అనుకుంది. ఎప్పటికీ పెళ్ళికూతురిగా ఉండేది. "పేరు ఎంత బాగుండాది! అమ్మవారి పేరు మాదిరి ఉండాది. సరి, ఎక్కించు."

మందు తగిలించే ముందు నర్సు కాగితం పట్టుకుని, "పేరు చెప్పండమ్మా" అని అడుగుతుంది. ఒకరి మందు ఒకరికి పోకుండా అదొక పద్ధతి. అత్త పేరు చెప్పి, "రేపు కూడా ఇదే పేరు, మారదు" అంది. మందు లోపలికి పోతున్నంతసేపూ పక్క మంచాల వాళ్ళకు తనకు ఎక్కుతున్నది ఏమిటో చెబుతూనే ఉంది. ఒకామెకు వేరే మందు పెడుతున్నారని తెలిసి, "పావం, నీకు నిత్యకల్యాణి ఇయ్యలేదా?" అని జాలి కూడా పడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు తొప్పూరు ఘాట్ ఎక్కుతుంటే, ఈ నిత్యకల్యాణి ఎలా ఉంటుందో అని నేను ఫోనులో చూశాను. ఐదు రేకుల గులాబీరంగు పువ్వు. చూడగానే గుర్తుపట్టాను. ఇది అమ్మమ్మ ఊళ్ళో గోడ పక్కన పెరిగే బిళ్ళగన్నేరు. ధర్మపురిలో అందరూ దాన్ని పిలిచే పేరు వేరు. సుడుగాట్టు మల్లి. సుడుగాడంటే శ్మశానం. ఎవరూ నీళ్ళు పోయకపోయినా అక్కడ సమాధుల సందుల్లో పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. దేవుడికి పెట్టరు, జడలో పెట్టరు, పాడెకు కూడా కట్టరు. అది ముందే అక్కడికి చేరి ఉంటుంది కాబట్టి ఎవరూ తీసుకుపోనక్కర్లేదు. నేను ఫోను మూసి సంచిలో పెట్టేశాను. "ఏమి చూస్తా ఉండావు?" అంది అత్త. "టైము" అన్నాను.

ఆ వారం అత్త చేసిన ప్రచారానికి హద్దు లేదు. పూల మార్కెట్టులో, రేషను అంగట్లో, కొళాయి దగ్గర, ఎక్కడ చూసినా నిత్యకల్యాణి కబురే. ఆ మందుకు మలబద్ధకం ఒక గుణం. దాన్ని కూడా ఆమె గర్వంగానే చెప్పుకుంది. "కల్యాణం ఇల్లు గదా, వచ్చిన చుట్టాలు ఎవురూ పోమంటా ఉండారు." జుట్టు రోజూ దువ్వి దువ్వెన చూసుకునేది. ఊడలేదు. ఆ సంతోషంలో ఇక మొక్కను ఇంటికి తెచ్చి నీళ్ళు పోసి మొక్కుతానని పట్టుబట్టింది. ఫోనులో బొమ్మ చూపించనా అని పొరపాటున అన్నాను. "ఫోనులో పువ్వుకు వాసన వస్తాదా?" అని తీసిపడేసింది. నా అదృష్టం.

మా ఆయన ఇళ్ళు కట్టే మేస్త్రి. పువ్వుల్లో కాలీఫ్లవరు తప్ప మరొకటి గుర్తుపట్టలేడు. అప్పుడు ఆయన పని మారండహళ్ళిలో జరుగుతోంది, ఆ దారిలో నర్సరీ ఉంది. తల్లి మొక్క తెమ్మని చెప్పగానే నేను ఆయన్ను వంటింట్లోకి లాగి అసలు సంగతి చెప్పి, దొరకలేదని చెప్పమన్నాను.

"అమ్మకు అబద్ధం చెప్పాల్నా?"

"చెప్పాలి."

"సరి, చెప్తాలే" అన్నాడు. సాయంత్రానికి కుండీతో దిగాడు. అబద్ధం నోటిదాకా వచ్చిందట, నర్సరీవాడు పిలిచి మరీ చేతిలో పెట్టేసరికి వెనక్కి పోయిందట.

అత్త అప్పటికే వాకిట్లో ముగ్గేసి పసుపు కుంకుమ పెట్టుకుని కూర్చుంది. కుండీకి చుట్టిన పేపరు విప్పింది. చూసింది. కుంకుమలో ముంచిన వేలు అలాగే ఉండిపోయింది.

"ఒరే, ఇది సుడుగాట్టు మల్లి గదరా!"

"నర్సరీవాడు నిత్యకల్యాణి అన్నాడు మా."

"నా రక్తంలోకి ఎక్కించింది ఇదా? సుడుగాడును ఇంట్లోకి గాదు, ఒంట్లోకే తెచ్చి పెట్టినారా?"

పరిస్థితి చేయి దాటిపోతోందని నాకు అర్థమైంది. చదువుకున్నదాన్ని కదా, నా తెలుగు విద్య అక్కరకొచ్చే సమయం ఇదే అనుకున్నాను. "అత్తా, ఆ పేరు అరవంలో పెట్టింది. మన తెలుగులో దానికి మంచి పేరుంది. బిళ్ళగన్నేరు" అన్నాను.

"గన్నేరా?" అత్త లేచి నిలబడింది. "గన్నేరంటే అరళి గదే! బతుకు మీద విసుగొచ్చినోళ్ళు దాని కాయ నూరుకుని తాగుతారు. సుడుగాడైనా మేలు, అక్కడికి పోయేది చచ్చినాక. నువ్వు దోవ కూడా చూపిస్తా ఉండావే!"

బిళ్ళగన్నేరు వేరు, గన్నేరు వేరు అని నేను చెప్పింది ఎవరూ వినలేదు. అంతలో మా ఆయన సాయం చేద్దామనుకున్నాడు. "ఆకే మందయితే సేలం దాకా ఎందుకు మా? ఇంట్లోనే నూరి..." ఆయన వాక్యం పూర్తి కాకముందే నేను వీధంతా వినబడేలా అరిచాను. పచ్చి ఆకు విషమని డాక్టరమ్మ చెప్పిన మాట కూడా ఆ కంఠంతోనే చెప్పాను. అయినా ఆ పూట నేను చెప్పిన ప్రతి మాటా ఎదురు తిరిగింది. "చూసినావా, విషమేనని అదే ఒప్పుకుంటా ఉండాది" అంది అత్త. ఇక సేలం మొహం చూడనని తేల్చేసింది. కుండీ పెరటి గోడ పక్కకు పోయింది.

వారం గడుస్తూ ఉంది. నేను బతిమాలాను, అలిగాను, మాట్లాడ్డం మానేశాను. మాట్లాడ్డం మానేసినందుకు ఆమె సంతోషించినట్టే కనబడింది. పైకి ఎంత తమాషాగా ఉన్నా నాకు లోపల భయంగా ఉండేది. మానేస్తే ఆగదన్న డాక్టరమ్మ మాట మిషను మీద కూర్చున్నా, గిన్నెలు తోముతున్నా చెవిలోనే ఉండేది. మా అమ్మ పోయాక నాకు తల దువ్వింది అత్తే. ఆమె తిట్లు లేని ఇంటిని నేను ఊహించుకోలేను. ఇంతకూ ఆమె ప్రాణం ఒక పేరు దగ్గర చిక్కుకుంది, ఆ చిక్కు విప్పడానికి నాకు తెలిసిన రెండు భాషల్లోనూ మాట దొరకలేదు.

మందుకు వెళ్ళాల్సిన ముందురోజు మొరప్పూరు నుంచి తోడికోడలు దిగింది. పలకరింపుకు వచ్చి రాత్రికి ఉండిపోయే మనిషి. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, అక్కడే కేక పెట్టింది. "ఎవురన్నా ఇంట్లో ఈ సుడుగాటి చెట్టు పెడతారా? పీకి పారెయ్యండి!"

అత్త వాకిట్లో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. తల ఎత్తలేదు. "పూలు పూస్తాండాది గదక్కా, ఉండనీ" అంది. పీకమంటుందేమో అని చూస్తున్న నాకు ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ ఆమె ఆ కుండీ వైపు చూడలేదనుకున్నాను. మట్టి తడిగా ఉందని అప్పుడు గమనించాను. నీళ్ళు పోస్తున్నది నేను కాదు. మా ఆయన అసలే కాదు.

"అదీ ఒక పువ్వా?" అంది తోడికోడలు. "దేవుడికి పనికిరాదు, జడకు పనికిరాదు. అది పువ్వే కాదు."

అత్త చేతిలో నార ఆగింది. "ఏమంటివి?"

"పువ్వే కాదంటిని."

"సరి" అంది అత్త. మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. రేపటి సంగతి అడగకుండానే నేను ఆసుపత్రి సంచి సర్దిపెట్టాను.

పొద్దున నేను కాఫీ పెడుతుంటే పెరట్లోంచి తోడికోడలి గొంతు ఇంటి పైకప్పు లేచిపోయేలా వినబడింది. పరుగెత్తాను. అత్త స్నానం చేసి, కొత్త జాకెట్టు వేసుకుని, వేయించిన రాగులతో సహా ముస్తాబై నిలబడి ఉంది. చెవుల దాకా వచ్చిన ఆ రింగుల జుట్టుకు పిన్ను పెట్టి, అరటినారతో కట్టిన చిన్న పూలదండ తురుముకుంది. అన్నీ సుడుగాట్టు మల్లెలే. కుండీలో ఒక్క పువ్వు మిగల్లేదు.

"మొగుడు పోయినదానివి, తలలో పువ్వా? ఊరేమనుకుంటాది?" అంటోంది తోడికోడలు.

"పువ్వా? యాడుండాది పువ్వు?" అత్త అమాయకంగా వెనకా ముందూ చూసింది. "నిన్న నువ్వే గదా చెప్పితివి, ఇది పువ్వే కాదని. దేవుడిది కాదు, జడది కాదు, పాడెది కూడా కాదు. ఇది మందక్కా. లోపలికి వాళ్ళు ఎక్కిస్తారు, పైకి నేను ఎక్కించుకున్నా. మందు పెట్టుకునేదానికి మొగుడుండాలని ఏ డాక్టరు చెప్పినాడు?"

తోడికోడలు కాఫీ అయిందా అని నన్నడిగింది. మా ఆయన తల్లి వైపు చూసి ఏదో అనబోయాడు. "నువ్వు సుమ్మా ఉండు" అన్నాను. ఆ ఒక్కసారి విన్నాడు.

సేలం బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. దండ గాలికి పోతుందేమోనని చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ చేతివేళ్ళు తనవి కావన్నట్టు పువ్వులు తడుముతూనే ఉన్నాయి. అంతకాలం బోసి తలతో తిరిగినా ఆమెకు కోపం రాలేదని ఎలా అనుకున్నానో నాకే సిగ్గేసింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "సుడుగాట్టు మల్లి అని అంత భయపడితివి గదత్తా?" అన్నాను.

"అదే సుడుగాటి నుంచి లేచి ఇంటికొచ్చేసింది" అంది. "ఇంక నేను అక్కడికి పోయే పనేముండాది?"

ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్ళు దండను చూసి గుసగుసలాడారు. అత్త పట్టించుకోలేదు. మంచం మీద కాళ్ళు చాపుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నర్సు పోయినసారిలాగే కాగితం పట్టుకొచ్చి, "పేరు చెప్పండమ్మా" అంది.

అత్త తల కొంచెం పక్కకు తిప్పి, పూలు ఆ పిల్లకు బాగా కనబడేలా పెట్టింది.

"నిత్యకల్యాణి."

నర్సు కాగితం పైనుంచి కింది దాకా చూసుకుంది. ఆ పేరు అందులో లేదు. అసలు పేరు నేను చెప్పాను. అత్త అప్పటికే చెయ్యి చాపింది.